కాళ్ల వాపంటే బోదకాలేనా? బీపీ బిళ్ల సంగతి కూడా చూడండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా అమ్మకు 62 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వాడుతోంది. సంక్రాంతికి బీపీ ఎక్కువుందని 10 చేశారు. ఉగాది నాటికి రెండు పాదాలూ వాచాయి. ఊళ్లో అందరూ బోదకాలు అంటున్నారు. వాపుకు నీరు పోయే బిళ్ల ఇచ్చారు. ఇప్పుడు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. దానికి ఇంకో బిళ్ల రాశారు. వాపు మాత్రం అలాగే ఉంది. ఏం చేయాలి? - ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, మీరు సంక్రాంతి, ఉగాది అని గుర్తుపెట్టుకుని రాయడం చాలా మేలు చేసింది. డోసు పెరిగాకే వాపు వచ్చింది. నా మొదటి అనుమానం ఆ 10 ఎంజీ బిళ్ల మీదే.

ఆమ్లోడిపిన్ మంచి మందు, లక్షల మంది వాడుతున్నారు. కానీ పాదాల వాపు దాని బాగా తెలిసిన దుష్ప్రభావం. డోసు పెరిగే కొద్దీ ఎక్కువవుతుంది, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఈ మందు రక్తం తెచ్చే సన్న ధమనులను వదులు చేస్తుంది, రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలను అంతగా చేయదు. పంటకాల్వకు నీళ్లు బాగా వదిలి మురుగుకాల్వ పూడిక తీయకపోతే చేలో నీరు నిలిచిపోతుంది కదా, చీలమండల దగ్గర జరిగేదీ అదే. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టే నీరు పోయే బిళ్లకు లొంగదు. ఆ బిళ్ల పొటాషియం, సోడియం మాత్రం బయటికి పంపేస్తుంది. పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం అందువల్లే కావచ్చు. ఇక కళ్లు తిరగకుండా ఇచ్చే సిన్నరిజిన్ లాంటివి పెద్దవాళ్లు నెలల తరబడి వాడితే చేతులు వణకడం మొదలవుతుంది. అప్పుడు వణుకుకు ఇంకో మందు! ఒక బిళ్ల తెచ్చిన బాధను కొత్త జబ్బు అనుకుని ఇంకో బిళ్ల రాయడం నేను తరచూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

బోదకాలు భయం మన గోదావరి జిల్లాల్లో సహజం, తరాలుగా చూసిన జబ్బు. అయితే అది తరచూ ఒక కాలికే, లేదా ఒక కాలికి ఎక్కువగా వస్తుంది. మధ్యమధ్య చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు కడతాయి, పోనుపోను చర్మం మందమవుతుంది. మందు వాపు రెండు కాళ్లకూ సమానంగా ఉండి, పొద్దున తగ్గి, సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పెరుగుతుంది. అనుమానం తీరకపోతే పీహెచ్‌సీలో అడగండి. ఆ క్రిములు రక్తంలో రాత్రి 10 దాటాకే బాగా కనిపిస్తాయి కాబట్టి రక్తం రాత్రిపూట తీస్తారు.

బీపీ బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. బీపీ ఒక్కసారిగా పెరిగితే పక్షవాతం ముప్పు ఉంది. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏ బిళ్ల ఎప్పుడు మొదలైందో, ఏ బాధ ఎప్పుడొచ్చిందో రాసిన కాగితం చూపించి, "ఈ వాపు ఆమ్లోడిపిన్ వల్లేనా?" అని నేరుగా అడగండి. డోసు మళ్లీ 5 చేసి టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందు కలపడమో, సిల్నిడిపిన్ అనే బీపీ మందుకు మార్చడమో చేయవచ్చు. మందు కారణమైతే కొన్ని వారాల్లో వాపు తీస్తుంది. సోడియం, పొటాషియం, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ చేయించండి, గుండె, కిడ్నీల వాపు కాదని తేలాలి. బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. పడుకుంటే ఆయాసం వచ్చినా, ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మందు వల్ల ఏ ఇబ్బంది వచ్చినా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు మీరే చెప్పవచ్చు. దేశమంతటా మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం అది.

ఇంకొక్క మాట. సంక్రాంతికి బీపీ అసలు ఎందుకు పెరిగింది? అంతకుముందు అమ్మ మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి బిళ్లలు వాడారా? డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, వాపూ తెస్తాయి. చాలామంది వాటిని మందుల లెక్కలోనే వేసుకోరు, అడిగితే తప్ప చెప్పరు. ఇంట్లో ఖాళీ స్ట్రిప్పులు దొరికితే అవి కూడా సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.