రోడ్డు మీద కూర్చునే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వచ్చే సోమవారం మీరంతా ఎదుర్లంక వంతెన మీద రాస్తారోకో పెట్టుకున్నారని, నిన్ను ఎలాగైనా ఆపమని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను ఆపను. నాలుగేళ్ళుగా చేలల్లో నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్‌లో పూడిక తీయమని అర్జీలు పెడుతూనే ఉన్నారు. రసీదులు వచ్చాయి గానీ పొక్లెయిన్ రాలేదు. నిరుడు నాట్లేసిన వారానికే చేలు మునిగాయి. ఎవరికీ ఇబ్బంది కలగకుండా అడిగితే ఎవరూ వినరన్నది నేనూ చూసిన సంగతే. కానీ వంతెన మీద మాత్రం వద్దురా.

మనది చుట్టూ గోదారి పాయలున్న నేల. ముమ్మిడివరం వైపు నుంచి కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి పోవాలంటే ఆ వంతెనే దగ్గర దారి. అది ఆగితే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. ఊళ్ళో రోడ్డు ఆపితే గట్టు మీంచి కనీసం బైకైనా పోతుంది, వంతెనకి గట్టెక్కడుంది? అంబులెన్సుకి దారిస్తామంటావు. మనవాళ్ళు చాలామంది ఆసుపత్రికి ఆటోలోనే పోతారు. దానికి సైరన్ ఉండదు.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఉంది. ధాన్యం డబ్బులు రాలేదని ఒక వేసవిలో మేం హైవే ఆపాం. చెబితే పోలీసులు ముందే ఎత్తేస్తారని ఎవరికీ చెప్పలేదు. పదకొండింటికి ఒక టాటా ఏస్ అతను నా దగ్గరికొచ్చాడు. రెండెకరాల చెరువు కౌలుకి చేస్తున్నాడట, హేచరీ నుంచి రొయ్య పిల్లలు తెచ్చుకుంటున్నాడు. "అరగంటలో అయిపోతుంది" అన్నాను. మైకు చేతిలో ఉంటే, జనం చప్పట్లు కొడుతుంటే అరగంట ఎవరికి గుర్తుంటుంది? నాలుగు గంటలయ్యాక వెళ్ళి చూస్తే, ఆయన ఆక్సిజన్ సంచులు ఒక్కొక్కటే ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. నీళ్ళలో గిలగిల్లాడాల్సిన పిల్లలు అడుగున తెల్లగా, నూక పోసినట్టు పేరుకుపోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. చూసిన సంచి పక్కన పెట్టి ఇంకోటి ఎత్తాడు.

మాకు డబ్బులిప్పించాల్సిన అధికారి ఆ రోజు ఆ రోడ్డు మీదికే రాలేదు. మా డబ్బులైతే మరుసటి వారం పడ్డాయి, అందుకే రాస్తారోకో దండగని చెప్పలేను. కొంత అతనికి ఇద్దామని కబురు పెడితే తీసుకోలేదు. "ముందురోజు చెప్పుంటే రాత్రే తెచ్చుకునేవాణ్ణి కదండీ" అన్నాడట.

మీలో కొందరు క్రాప్ హాలిడే అంటున్నారని విన్నాను, పంట వేయకుండా చేలు బీడు పెట్టి నష్టమేదో మనమే పడదామని. 2011 ఖరీఫ్‌లో కోనసీమలో మేం చేసింది అదే. లక్ష ఎకరాలకు అటూ ఇటూగా బీడు పడింది. అప్పుడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 1,080 రూపాయలు, పెట్టుబడి కూడా గిట్టేది కాదు. ప్రభుత్వం మాజీ సీఎస్ మోహన్ కందాతో కమిటీ వేసింది, ఢిల్లీ దాకా మన పేరు పోయింది. ఎవరి దారికీ అడ్డం పడలేదని మేం గర్వంగా చెప్పుకున్నాం. కానీ నాట్లేసే ఆడకూలీలకి ఆ చేలల్లో పని లేకుండా పోయింది. భూమి మనది, బీడు పెట్టుకునే హక్కు మనది అనుకున్నామే గానీ, మా ఊళ్ళో వాళ్ళ వీధికెళ్ళి ఒక్క మీటింగు పెట్టలేదు. మీరు మళ్ళీ ఆ పని చేసేట్టయితే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. డ్రెయిన్ పొంగితే వాళ్ళ ఇళ్ళలోకీ నీళ్ళొస్తాయి. వాళ్ళడిగేవీ మీ డిమాండ్లలో రాయండి. వద్దంటే మానుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకో. పౌరసత్వ చట్టం వద్దంటూ ఢిల్లీలో రోడ్డు మీద కూర్చున్న షాహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరు 7న సుప్రీంకోర్టు, నిరసన తెలిపే హక్కు ఉందంటూనే, జనం నడిచే దారుల్ని ఎన్నాళ్ళయినా ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదంది. ఇంకో మాట, గల్ఫ్‌కి వెళ్ళడానికి పాస్‌పోర్టు పెట్టుకున్న కుర్రాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టకు. కేసయితే పోలీసు వెరిఫికేషన్ దగ్గరే చిక్కు పడుతుంది. ఆ వరసలో మా ముసలాళ్ళం కూర్చుంటాం, మాకిప్పుడు ఏ వీసా కావాలి?

నన్నడిగితే ముందు డ్రెయిన్ల ఆఫీసుకి పోండి. రెండు ట్రాక్టర్ల నిండా డ్రెయిన్‌లో పేరుకున్న గుర్రపుడెక్క వేళ్ళతో సహా, బురద కారుతుండగా తెచ్చి గేటు ముందు దింపండి. అక్కడే వంటావార్పు పెట్టండి. పనుల మీద వచ్చే రైతులకి పక్కనుంచి దారి వదలండి. సాయంత్రం ఆ డెక్క మీరే ఎత్తేయాలి, లేకపోతే అదంతా ఊడ్చే మనిషి నెత్తిన పడుతుంది. జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలేలోపు పని మొదలవ్వాలి కాబట్టి వారం గడువివ్వండి, ఎక్కువొద్దు. అప్పటికీ కదలకపోతే మన ఊరి సెంటర్లో రోడ్డు ఆపుదాం. రోజుకో గంట, ముందే చాటింపు వేసి. గంట కాగానే మైకు ఎవరి చేతిలో ఉన్నా లాగేసుకోవాలి, నా చేతిలో ఉన్నా సరే.

కరపత్రం మీద తేదీ, టైము పైన పెద్దక్షరాలతో వేయించు, డిమాండ్లు కింద వేసినా పర్లేదు. ముందు ఆటో స్టాండులో, ఆ తర్వాత రొయ్య సీడు వ్యాన్ల వాళ్ళకి పంచు. ప్రింటింగ్ డబ్బులు ఫోన్‌పే చేశాను, చూసుకో. సోమవారం మొదటి బస్సుకే దిగుతాను. మీ అమ్మ అడిగితే మాత్రం, మావయ్య ఇంకా నన్ను ఆపుతూనే ఉన్నాడని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య