నాన్న నాలుగు రోజులు ఎందుకు దాచారు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. ఎవరో పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరిస్తే, చెల్లి పెళ్లికి దాచిన ఆరు లక్షలు పంపేశారు. నాలుగు రోజుల దాకా మాకు చెప్పలేదు. కోపం పట్టలేక చుట్టాల ముందే నాలుగు మాటలన్నాను. ఆయన ఖాతా, ఫోను నా చేతిలోకి తీసుకోవచ్చా? ఇప్పుడు రైతుబజారుకెళ్లాలన్నా నన్నే డబ్బులడుగుతున్నారు. కాస్త జాగ్రత్త వచ్చినట్టుంది.

జవాబు: తీసుకోవద్దు. ఆయన సరేనంటే ఇద్దరూ బ్యాంకుకి వెళ్లి, రోజుకి పంపగలిగే మొత్తానికి పరిమితి తగ్గించుకోండి. ఖాతా సంగతి అంతే.

నన్ను బాధపెట్టింది మీ ఆఖరి మాట. టన్నుల బరువు ఎత్తి దించిన మనిషి వంకాయలు కొనడానికి కొడుకు ముందు చెయ్యి చాపుతుంటే, దాన్ని జాగ్రత్త అంటున్నారా బాబూ? ఆయన అవమానాన్ని దిగమింగుకుంటున్నారు.

మీ నాన్న తెలివితక్కువవారేం కాదు. పెద్ద వస్త్ర పరిశ్రమ అయిన వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ అంతటివారు 2024లో ఇలాంటివాళ్లకే ఏడు కోట్లు పంపారు. ఆయనకి ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నకిలీది చూపించారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని మీకూ నాకూ తీరిగ్గా కూర్చున్నప్పుడు తెలుస్తుంది. భయం గొంతు మీద కూర్చున్నప్పుడు ఎంత చదువుకున్నవాడికైనా బుర్ర పనిచెయ్యదు.

అసలు నష్టం ఆ నాలుగు రోజుల్లో జరిగింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే, డబ్బు చేతులు మారకముందే ఎంతో కొంత ఆపే వీలుండేది. గంటలు గడిచేకొద్దీ అది ఖాతా నుంచి ఖాతాకి వెళ్లిపోతుంది. ఎవరికీ చెప్పొద్దని ఆ దొంగలు బెదిరిస్తారు, నిజమే. డబ్బు పోయిందని అర్థమయ్యాక కూడా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న కొడుక్కి ఎందుకు చెప్పలేకపోయారు? మీరేమంటారో ఆయనకి ముందే తెలుసు. చివరికి అదే అన్నారు కూడా.

ప్లాంట్‌లో 'నియర్ మిస్' అంటే ఏమిటో నాన్ననే అడగండి. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పమంటారు. చెప్పినవాణ్ని నలుగురిలో తిట్టారా, మర్నాటి నుంచి ఎవడూ నోరు విప్పడు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. రేపు చెల్లి పొరపాటు చేసినా మీ దాకా రాదు.

పొరపడని మనిషి నాకింతవరకు తారసపడలేదు. పెద్దవాళ్ల పొరపాటుని కడుపులో పెట్టుకోవడం కొడుకు చేసే దయ కాదు, అతని బాధ్యత అనే నేను నమ్ముతాను. చుట్టాల ముందు అన్న మాటల్ని చుట్టాల ముందే వెనక్కి తీసుకోండి. గదిలో గుసగుసగా చెప్పే క్షమాపణ చాలదు.

ఫిర్యాదు ఇంకా ఇవ్వకపోతే, ఆలస్యమైనా సరే ఈరోజే 1930కి చెయ్యండి. జరిగింది నాన్ననే చెప్పనివ్వండి, మధ్యలో అందుకోకండి. పెళ్లి ఖర్చులు ఎలా సర్దుకోవాలో, మగపెళ్లివారితో ఏం మాట్లాడాలో కూడా ముందు ఆయన్నే అడగండి. పిల్ల తండ్రి ఆయన, మీరు కాదు.