ఇంటికీ షాపుకూ అలారం: నెలనెలా కట్టే డబ్బు ఎక్కడ అవసరం?

ప్రశ్న: వనస్థలిపురంలో మాకు సొంతిల్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల షాపు ఉన్నాయి. షాపులో 12 లక్షల సరుకు ఉంటుంది. ఇంట్లో అత్తమామలు ఉంటారు, సంక్రాంతికీ దసరాకీ మాత్రం అందరం ఊరెళ్తాం. పక్క వీధిలో దొంగలు పడ్డప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఒక కంపెనీ వాళ్లు అలారం సామాను ఉచితంగా బిగిస్తామని, రాత్రీపగలూ తమ కంట్రోల్ రూమ్ నుంచి కనిపెట్టుకుని ఉంటామని అంటున్నారు. షాపుకు నెలకు 1,500, ఇంటికి 900, జీఎస్టీ అదనం, మూడేళ్ల ఒప్పందం. మావారేమో 18,000 పెట్టి మనమే సెట్టు కొనుక్కుని ఫోన్‌లో చూసుకుందామంటున్నారు. ఏది నయం?

జవాబు: ముందు లెక్క చూద్దాం. రెండూ కలిపి నెలకు 2,400, దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడేళ్లకు 1,01,952 రూపాయలు. ఉచితమంటున్న సామాను ధర ఇందులోనే ఉంది. నా సలహా సూటిగా చెబుతాను: షాపుకు తీసుకోండి, ఇంటికి వద్దు.

షాపు రాత్రి మూసేస్తే మళ్లీ పొద్దున తెరిచేదాకా లోపల మనిషి ఉండడు. మీవారు చెప్పిన ఫోన్ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. కాంప్లెక్స్ కింద మీటర్ బోర్డు దగ్గర ఫ్యూజు పీకితే రౌటర్ ఆగిపోతుంది. కెమెరా మీ ఫోన్‌కు ఏమీ పంపలేకపోతుంది. మీరు నిద్రలో ఉంటారు, ఏమీ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. కంట్రోల్ రూమ్ నుంచి కనిపెట్టే మంచి పద్ధతిలో అలారం ప్యానెల్‌కు, అంటే దాని ప్రధాన పెట్టెకు, సొంత బ్యాటరీ, సిమ్ ఉంటాయి. అది కొద్దిసేపటికోసారి కంట్రోల్ రూమ్‌కు ‘ఉన్నాను’ అని సంకేతం పంపుతుంది. ఆ సంకేతం ఆగినా అక్కడి మనిషి మీకు ఫోన్ చేయాలి. మీరు నెలనెలా కట్టేది ముఖ్యంగా దీనికే. అందుకే సంతకానికి ముందు ఒక రాత్రి పదకొండు గంటలకు వాళ్లను డెమో పెట్టమనండి. రౌటర్ ఆపేయండి, మెయిన్ ఆపేయండి, షట్టర్ కదపండి. ఎన్ని నిమిషాలకు ఫోన్ వచ్చిందో, మాట్లాడిన మనిషికి తెలుగు వచ్చో రాదో చూడండి. డెమో పెట్టమంటే నసిగే కంపెనీకి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

మీరు ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేస్తారు, మనిషిని పంపుతారా, ఎక్కడి నుంచి పంపుతారు? ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉండాలి. ‘పోలీసులతో మాకు డైరెక్ట్ లైన్ ఉంది’ అంటే కాగితం చూపించమనండి. లేకపోతే వాళ్లూ మనలాగే 100కో 112కో ఫోన్ చేస్తారంతే. గార్డును పంపే సంస్థ అయితే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉండాలి. మూడేళ్లు కాదు, ఏడాదికే ఒప్పందం అడగండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సామాను ఎవరిది, గడువు తీరాక దానంతటదే పొడిగిస్తారా అన్నవి చదవకుండా సంతకం పెట్టొద్దు. దొంగతనం జరిగితే తమ బాధ్యత ఇంతవరకే అని చిన్న అక్షరాల్లో ఒక పరిమితి రాసి ఉంటుంది. నన్నడిగితే మొదట చదవాల్సింది అదే.

ఆ పరిమితి చదివాక షాపుకు దొంగతనాల బీమా ఎందుకు కావాలో మీకే అర్థమవుతుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే నేను అలారం కంటే ముందు బీమానే తీసుకోమంటాను. 12 లక్షల సరుకుకు సగం, అంటే 6 లక్షలకే పాలసీ తీసుకుంటే నష్టంలో కూడా సగమే లెక్కేస్తారు, 2 లక్షల సరుకు పోయినప్పుడు చేతికి లక్షే రావచ్చు, కాబట్టి పూర్తి విలువకే తీసుకోండి. బీమా డబ్బు రావాలంటే తాళం పగలగొట్టినట్టో, షట్టర్ వంచినట్టో ఆనవాళ్లు కావాలి. పగలు కౌంటర్ మీద నుంచి మాయమైన ఫోన్‌కు మామూలుగా ఈ పాలసీలో డబ్బు రాదు. ఎఫ్‌ఐఆర్, కొనుగోలు బిల్లులు, స్టాకు లెక్క అడుగుతారు. ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబరూ (ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు) రాసిన జాబితా ఇంట్లో ఒకటి పెట్టుకోండి. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలన్నా, ఫోన్లు బ్లాక్ చేయించాలన్నా అదే ఆధారం. కెమెరాల డీవీఆర్‌ను, అంటే వీడియోలు రికార్డయ్యే పెట్టెను, గల్లాపెట్టె పక్కన పెట్టకండి, దాన్ని కూడా పట్టుకుపోతారు.

ఇక ఇల్లు. పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండే ఇంటికి, పండగ సెలవుల నాలుగు రోజుల కోసం ఏడాదికి 12,744 కట్టడం దండగ. ఇక్కడ మీవారి మాటే సరైనది. సెట్టు కొనండి, సిమ్, బ్యాటరీ ఉన్నదే కొనండి. ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని మన పోలీసులు ఏటా సంక్రాంతికి చెబుతూనే ఉంటారు, అది పాటించండి. నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లని 2022 జనవరి నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. మీ బంగారం మొత్తానికి అది సరిపోకపోవచ్చు, అయినా బీరువా కంటే నయమే. ఇంటికి ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఉంటే దొంగతనానికి కూడా వస్తుందనుకోకండి. అగ్నిప్రమాదం, వరద లాంటివి జరిగిన 7 రోజుల్లోపు, వాటి మూలంగా జరిగిన దొంగతనానికే అందులో రక్షణ. మామూలు దొంగతనానికి విడిగా తీసుకోవాలి.

షాపు అలారం బిల్లు షాపు జీఎస్టీ నంబరు మీదే రావాలి. మామూలు పద్ధతిలో రిజిస్టర్ అయి ఉంటే నెలకు 270 రూపాయల జీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో ఉంటే అది రాదు. నెలనెలా కట్టే ఫీజు షాపు ఖర్చు కింద చూపించవచ్చు.

బీమా ఫారంలో అలారం ఉందని రాశారంటే అది రోజూ ఆన్‌లో ఉండాలి, లేదంటే క్లెయిము దగ్గర పేచీ పెడతారు. షట్టర్ దించాక ఆన్ చేసే బాధ్యత మీలో ఒకరిదే కావాలి. షాపులో పనిచేసే కుర్రాడికి వేరే కోడ్ ఇవ్వండి. అతను పని మానేసిన రోజే ఆ కోడ్ తీసేయించండి.