కడుపుతో ఉంటే నా సంతకం చెల్లదా?

ప్రశ్న: మేం అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకిప్పుడు అయిదో నెల. కాన్పు కోసం ఆసుపత్రిలో పేరు రాయించుకుంటుంటే ‘లివింగ్ విల్ ఏమైనా రాశారా’ అని అడిగారు. మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే పత్రమట. ఫారాలు తెచ్చుకుని నేనూ మా ఆయనా చెరొకటి నింపాం. సంతకానికి కాస్త పైన, గర్భవతి అని తేలితే ఈ పత్రం పనిచేయదు అని ఉంది. ఆయన ఫారంలోనూ అదే వాక్యం ఉంది గానీ ఆయనకు తగలదు కదా! నాకేదైనా అయితే నా మాటకు విలువ ఉండదా? ఒకవేళ పురుడికి విజయవాడలో పుట్టింటికి వస్తే ఈ కాగితం అక్కడ పనికొస్తుందా? శ్రీమంతం కూడా కాకముందే ఈ రాతలేమిటని మా అత్తగారు కోప్పడుతున్నారు.

జవాబు: ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఆసుపత్రి వాళ్లు అలా అడిగింది మీలో ఏదో తేడా కనిపించి కాదు. 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల డబ్బు తీసుకునే ఆసుపత్రులు చేరడానికి వచ్చిన పెద్దవాళ్లందరినీ ఈ ప్రశ్న అడగాలి. మోకాలి ఆపరేషన్‌కు వెళ్లిన తాతగారినీ అడుగుతారు.

ఇక ఆ వాక్యం సంగతి. అది ఆసుపత్రి పెట్టుకున్న షరతు కాదు, టెక్సాస్ చట్టమే. అక్కడి హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో 166.049 సెక్షన్. గర్భంతో ఉన్న రోగికి ప్రాణం నిలిపే చికిత్సను ఈ చట్టం కింద ఆపకూడదు, ఇవ్వకుండా ఉండకూడదు. సెక్షన్ మొత్తం అంతే. ఎన్నో వారమో అడగదు. బిడ్డ బతికే అవకాశం ఉందో లేదో అడగదు. ఆ తల్లి ముందే ఏం రాసి పెట్టుకుందో అసలే అడగదు. ఒక ఆడమనిషి బుద్ధి తెలిసి రాసుకున్న మాటను ఇంత తేలిగ్గా పక్కన పెట్టే సెక్షన్ ఇంకోటి నా చదువులో తగల్లేదు.

అయితే దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. స్పృహలో ఉండి మాట్లాడగలిగినంత వరకు డాక్టర్లు అడిగేది మిమ్మల్నే. మీరు రాసిన పత్రం బయటికి వచ్చేది మీరు నోరు విప్పలేని స్థితిలోనే. ఆ సెక్షన్ అడ్డం పడేదీ అప్పుడే.

ఇంకో హద్దును కోర్టు గీసింది. 2013 నవంబరులో ఫోర్ట్ వర్త్ దగ్గర మార్లీస్ మునోజ్ అనే 33 ఏళ్ల పారామెడిక్, 14 వారాల గర్భిణి, ఇంట్లో కుప్పకూలిపోయింది. రెండు రోజులకు మెదడు చనిపోయిందన్నారు. ఇలాంటి పరిస్థితిలో యంత్రాల మీద ఉండడం ఆమెకు ఇష్టం లేదని భర్త చెప్పాడు. ఆయనా పారామెడిక్కే, ఇలాంటివి ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఆమె తల్లిదండ్రులూ అదే మాట అన్నారు. ఆసుపత్రి మాత్రం ఈ సెక్షన్ చూపించి వెంటిలేటర్ తీయనంది. భర్త కోర్టుకెక్కాడు. 2014 జనవరి 24న జడ్జి చెప్పింది సూటిగా ఉంది: మెదడు చనిపోయిందంటే టెక్సాస్ చట్టం లెక్కలో మనిషి చనిపోయినట్టే, చనిపోయినవాళ్లు ‘రోగి’ కిందికి రారు, కాబట్టి ఈ సెక్షన్ వర్తించదు. రెండు రోజుల తర్వాత యంత్రాలు తీసేశారు. ఆ కుటుంబం రెండు నెలలు ఆసుపత్రి వరండాల్లో గడిపింది.

ఆ తీర్పుతో మీకు కలిగే ఊరట సగమే. మెదడు చనిపోతే ఆ సెక్షన్ పోతుంది. మెదడు పూర్తిగా చనిపోకుండా, తిరిగి కోలుకునే ఆశా లేకుండా ఉండిపోయే స్థితిలో మాత్రం సెక్షన్ అలాగే ఉంది. అది రాజ్యాంగానికి నిలుస్తుందా అన్న ప్రశ్నను ఆ జడ్జి ముట్టుకోలేదు. 2021లో ఐడహో రాష్ట్రంలో ఇలాంటి నిబంధనను ఫెడరల్ కోర్టు ఒకటి కొట్టేసింది. కానీ ఆ తీర్పు టెక్సాస్‌ను కట్టిపడేయదు. పైగా ఆసుపత్రులకు భయం ఎక్కువ. 2025లో జార్జియా రాష్ట్రంలో మెదడు చనిపోయిన ఒక నర్సును, అబార్షన్ చట్టం అడ్డమని చెప్పి బిడ్డను బయటికి తీసేదాకా నెలల తరబడి యంత్రాల మీద ఉంచారు. ఆ చట్టం అలా చేయమని చెప్పడం లేదని స్వయంగా ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయమే అంది.

మరి రాయడం దండగా అంటే, కాదు. ఫారం చింపేయకండి. మీరు రద్దు చేసేదాకా అది అమల్లోనే ఉంటుందని ఆ పక్క వాక్యంలోనే ఉంది. కాన్పయ్యాక ఆ సెక్షన్ అడ్డు ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు నాకిలా జరిగితే నా ఇష్టం ఇదీ అని అదనపు సూచనల చోట మీ మాటల్లో వివరంగా రాయండి. బిడ్డ బతికే దశకు వస్తే యంత్రాల మీద ఉంచండి అంటారా, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దంటారా, అది మీ ఇష్టం. ఏది రాసినా స్పష్టంగా రాయండి. రేపు కోర్టుదాకా వెళ్తే మీ మనసులో మాటకు అదే సాక్ష్యం.

దీనికి తోడు మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఇంకో పత్రం ఉంది. మీరు మాట్లాడలేనప్పుడు మీ బదులు ఎవరు మాట్లాడాలో అందులో రాయాలి. మీ ఆయన పేరు, ఆయన అందుబాటులో లేకపోతే ఇంకొకరి పేరు పెట్టండి. ఒక చిక్కుంది: టెక్సాస్‌లో ఆ ప్రతినిధి మీ తరఫున అబార్షన్‌కు ఒప్పుకోవడానికి వీల్లేదు. ఈ రెండు పత్రాలనూ అక్కడ ప్రాక్టీసు చేసే వకీలుకు ఒకసారి చూపించండి. నేను హైదరాబాద్ వకీలును, టెక్సాస్ కోర్టులో నిలబడేవాణ్ని కాదు.

విజయవాడ వచ్చేట్టయితే ఆ కాగితం మీద ఆధారపడకండి, ఇక్కడ కొత్తది రాయండి. మన దగ్గర దీనికి పార్లమెంటు చేసిన చట్టం లేదు. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2023 జనవరిలో దానికి చేసిన సవరణలు, ఇవే ఆధారం. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరించుకోవాలి. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్లుగా ఒకరికి మించి పేర్లు పెట్టుకోవచ్చు. తర్వాత దాని ప్రకారం చికిత్స ఆపాలంటే ఆసుపత్రిలో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. వాళ్లు కాదంటే హైకోర్టు ఉంది.

ఆ మార్గదర్శకాల్లో గర్భిణి రాసింది చెల్లదన్న మాట ఎక్కడా లేదు. పిల్లల్ని కనాలా వద్దా అన్నది స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుచితా శ్రీవాస్తవ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ గర్భస్రావానికి మన చట్టం అడిగే సమ్మతి ఆమెది ఒక్కటే. భర్త సంతకం కావాలని చాలా ఆసుపత్రులు పట్టుబడతాయి, అది వాళ్ల సొంత పైత్యం. అయినా ఇక్కడంతా సాఫీ అనుకోవద్దు. మన దేశంలో మెదడు మరణాన్ని నిర్వచించింది 1994 నాటి అవయవ మార్పిడి చట్టం. అవయవదానం మాట లేనిచోట వెంటిలేటర్ తీయడానికి డాక్టర్లు జంకుతారు. కడుపులో బిడ్డ ఉంటే ఇంకా జంకుతారు. అందుకే ఇక్కడ రాసే పత్రంలోనూ గర్భం గురించి విడిగా ఒక పేరా రాయండి.

మీ అత్తగారి సంగతి. ఆవిడ భయం ఆవిడది, వాదించి లాభం లేదు. టెక్సాస్ ఫారానికి నోటరీ అయినా ఉండాలి, లేదా ఇద్దరు సాక్షులైనా ఉండాలి. సాక్షుల్లో కనీసం ఒకరు బంధువు కాకూడదు. అంటే రెండోవారు బంధువైనా ఫరవాలేదు. మీరేం రాశారో తెలుగులో చదివి వినిపించి, ఆవిడ ఒప్పుకుంటే ఒక సంతకం ఆవిడ చేతే పెట్టించండి. రెండోదానికి పక్కింటి వాళ్లను పిలవండి, శ్రీమంతానికి ఎలాగూ వస్తారుగా.