కందిరీగ అనే మాట ఎంతవరకు చెల్లుతుంది?

సందేహం: అమెరికాలో మా తెలుగు బడి పిల్లల కోసం అక్కడి కుట్టే కీటకాల మీద చిన్న పుస్తకం రాస్తున్నాను. ఎల్లోజాకెట్, హార్నెట్, పేపర్ వాస్ప్, మడ్ డాబర్ అన్నిటినీ ‘కందిరీగ’ అనే రాయవచ్చునా? వెల్వెట్ యాంట్‌ను ‘మఖమలు చీమ’ అంటే సరిపోతుందా?

సమాధానం: రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను. వెల్వెట్ యాంట్ చీమ కాదు, ముటిలిడే అనే కుటుంబానికి చెందిన కందిరీగ. ఆడదానికి రెక్కలు లేకపోవడం వల్ల, ఒంటినిండా దట్టమైన నూగుతో నేల మీద పరుగులు తీయడం వల్ల దానికి ఇంగ్లీషులో చీమ పేరు వచ్చింది, మగదానికి రెక్కలుంటాయి. తూర్పు, దక్షిణ రాష్ట్రాలలో కనిపించే ఎరుపు నలుపుల జాతిని, దాని పోటు బాధను బట్టి ‘ఆవులను చంపేది’ అని కూడా అంటారు గాని, దాని పోటుకు ఆవులు చావవు. ఆ జాతికి 1758లో పేరు పెట్టిన లినేయస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు కూడా దానిని చీమల ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) కాక ముటిల్లా అనే వేరే ప్రజాతిలో ఉంచాడు. కాబట్టి ‘మఖమలు చీమ’ వద్దు. ‘మఖమలు పురుగు’ అన్నా చిక్కే, ఎందుకంటే తొలకరికి నేల మీద కనిపించే ఎర్రని ఆరుద్ర పురుగే తెలుగువారి మనసులో మెదులుతుంది. అది సాలెపురుగుల వైపు బంధువు. ‘నూగు కందిరీగ’ అనండి.

అలాగైతే కందిరీగలోని ‘ఈగ’ను ఏం చేయాలని మీరు అడగవచ్చు. ఈగ జాతికి రెండే రెక్కలు, వెనుక జత చిన్న గుబ్బలుగా మిగిలిపోయి ఉంటుంది. కందిరీగకు, తేనెటీగకు, తూనీగకు నాలుగేసి రెక్కలున్నాయి. ఈ వరుసలో జోరీగ ఒక్కటే శాస్త్రం దృష్టిలో నిజమైన ఈగ. అయినా ఆ పాత మాటలను దిద్దే పని మనకు లేదు. అవి విడదీసి అర్థం చెప్పుకునే సమాసాలుగా కాక, మొత్తంగా ఒక్కొక్క కీటకం పేరుగా స్థిరపడినవి. కొత్తగా మాట కట్టేటప్పుడు మాత్రం ఉత్తరపదం, అంటే సమాసంలోని చివరి మాట, వర్గాన్ని తప్పుగా చెప్పకూడదు. సాఫ్లైని ‘రంపపు ఈగ’ అనకుండా ‘రంపపు పురుగు’ అనడం ఇందుకే మేలు. అది కందిరీగలతో పాటు హైమనోప్టెరా క్రమంలోదే, కాకపోతే దానికి కందిరీగకున్న సన్నని నడుము లేదు.

ఇక మొదటి ప్రశ్న. కందిరీగ అనేది మీరు చెప్పిన కీటకాలన్నిటికీ ఇంటిపేరు లాంటిది. దాని ముందు ఒక విశేషణం చేరిస్తే చాలావరకు పని జరుగుతుంది. హార్నెట్ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. శాస్త్రజ్ఞులు ఆ మాటను వెస్పా ప్రజాతికే వాడతారు, ఉత్తర అమెరికాకు సహజమైన వెస్పా జాతి ఒక్కటీ లేదు. ఐరోపా హార్నెట్ పంతొమ్మిదవ శతాబ్దిలో అక్కడికి చేరింది. 2019లో వాషింగ్టన్ రాష్ట్రంలో కనిపించి కలకలం రేపిన ఆసియా జాతికి అమెరికా కీటక శాస్త్రజ్ఞుల సంఘం 2022లో ‘ఉత్తరపు పెద్ద హార్నెట్’ అనే అర్థం వచ్చే పేరు ఖాయం చేసింది. 2024 డిసెంబరులో అది ఆ దేశంలో నిర్మూలమైనట్లు ప్రకటించారు. చెట్ల కొమ్మలకు బూడిదరంగు గూడు వేలాడదీసే బాల్డ్‌ఫేస్డ్ హార్నెట్ పేరుకే హార్నెట్, వర్గానికి ఎల్లోజాకెట్ల చుట్టం. దానిని ‘తెల్లమొగం కందిరీగ’ అంటే హార్నెట్ గొడవే ఉండదు. వెస్పాలకు హార్నెట్ అనే మాటనే తెలుగు లిపిలో ఉంచండి.

ఎల్లోజాకెట్‌ను ‘పసుపు కోటు’ అనడం హాస్యాస్పదం, ‘పసుపుచారల కందిరీగ’ అనడం అసంపూర్ణం. ఐరోపా నుంచి వచ్చిన పేపర్ వాస్ప్‌కు కూడా అవే చారలుంటాయి. పేపర్ వాస్ప్‌ను ‘కాగితపు కందిరీగ’ అన్నా భేదం తేలదు, ఎందుకంటే రెండూ చెక్కపీచును నమిలి కాగితం వంటి గూడే కడతాయి. ఎల్లోజాకెట్ గూటికి పైన కాగితపు పొర కప్పి ఉంటుంది, తరచుగా నేలలో ఉంటుంది. పేపర్ వాస్ప్ గూడు చూరు కింద గదులు బయటికి కనబడేలా వేలాడుతుంది. అందుచేత పేర్లు ఏవి పెట్టినా, వర్ణనలో గూడు సంగతి తప్పక రాయాలి.

మడ్ డాబర్‌కు ‘మట్టిగూటి కందిరీగ’ బాగుంటుంది. ‘కుమ్మరి పురుగు’ అనకండి. బురదలో ఉన్నా మట్టి అంటనిదిగా వేదాంతులు ఉదాహరించే పురుగు అది. నిజానికి మట్టిగూటి కందిరీగ మన వాఙ్మయంలో ‘భ్రమరకీటక న్యాయం’గా ఎప్పుడో చేరింది. గూటిలో పెట్టిన పురుగు భ్రమరాన్నే తలచుకుంటూ భ్రమరమవుతుందని ఆ న్యాయం అంటుంది. జరిగేది వేరు: తల్లి కుట్టి చచ్చుపరచిన పురుగును గూటిలో పెట్టి గుడ్డు పెడుతుంది, గుడ్డులోని పిల్ల దానిని తిని పెరిగి, రెక్కలతో బయటికి వస్తుంది. అమెరికాలోని మడ్ డాబర్లలో స్కెలిఫ్రాన్ అనే ప్రజాతికి చెందిన జాతి గూటిలో సాలెపురుగులను నింపుతుంది. అదే ప్రజాతిలో మద్రాసు పేరు మోసే జాతి ఒకటి మన ప్రాంతంలోనూ ఉంది. ఆ భ్రమరాన్ని తుమ్మెదగా అనువదించడం అలవాటైంది గాని, దుంగలు తొలిచే నల్లని తుమ్మెద ఈ పని చేయదు.

చివరగా, క్రియ విషయం. వీటన్నిటికీ ‘కుట్టు’ అనే క్రియే తగినది, కాని కొండి గుడ్లు పెట్టే అవయవం నుంచి మారినది కనుక మగవి కుట్టలేవు. ‘కందిరీగలన్నీ కుడతాయి’ అని రాయకుండా ‘ఆడ కందిరీగలు కుడతాయి’ అని రాయండి.