కొత్త కిటికీ కింద గోడ చెమ్మెక్కింది, మేస్త్రీ లప్పం పెడితే చాలంటున్నాడు. ఏం చేయాలి?

మహబూబ్‌నగర్‌లో పాత ఇంటి పడమటి గోడకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీ పెట్టించారు. రెండు వానలకే కింద గోడ తడిసి లప్పం ఉబ్బింది. మేస్త్రీ మళ్లీ లప్పం పెడతానంటున్నాడు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోకండి. నేను రెండుసార్లు ఒప్పుకుని చెబుతున్నా.

మాది నల్లగొండ. చెదలు పట్టిన చెక్క కిటికీ తీసేసి మేమూ యూపీవీసీదే పెట్టించాం. మొదటి ముసురుకే లోపల కింది మూల నల్లబడింది. వేలితో నొక్కితే లప్పం నానిన మరమరాల్లా దిగిపోయింది, దాని వెనక తెల్లటి ఉప్పు. మేస్త్రీని పిలిస్తే "ఏం గాదు సారూ, లప్పం గొడితె పోతది" అన్నాడు. వారంలో మళ్లీ ఉబ్బింది. నిలదీస్తే "ఫ్రేము బిగించినోళ్లను అడుగుర్రి" అన్నాడు. వాళ్లకు ఫోన్ చేస్తే "మేం ఫోము కొట్టినం, చుట్టూ మాలు మేస్త్రీ పని" అన్నారు. ఫ్రేముకూ గోడకూ మధ్య ఉండే వేలెడు సందు ఎవరి లెక్కలోనూ లేదు. నీళ్లు వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే.

గొడవ పెట్టుకునే ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. మా బావ బయట పైపు పట్టుకున్నాడు, నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నా. ముందు కింది గట్టు మీద, తర్వాత పక్కలు, చివరికి పైభాగం. ఒక్కోచోట పావుగంట. ముందే పైనుంచి పోస్తే అన్నీ తడుస్తాయి, ఏదీ తేలదు. మాకు మొదటి చోటనే దొరికింది. గట్టు వాలు బయటికి ఉండాల్సింది లోపలికి ఉంది. అనుమానం తీరక మా వాడి గోలీ పెట్టి చూశా, అది దొర్లుకుంటూ వచ్చి ఫ్రేముకు తగిలి ఆగింది. ఇంకోటి, ఫ్రేము కింద నీళ్లు బయటికి పోవడానికి సన్నటి చీలికలుంటాయి. వాటిలో సిమెంటు నిండిపోయింది. అద్దం మీంచి ట్రాకులోకి జారిన నీళ్లకు గోడ తప్ప దారి లేదు.

తర్వాత మేస్త్రీనీ కిటికీ అతన్నీ ఒకే పూట పిలిచి, ఇద్దరి ముందే మళ్లీ నీళ్లు పోశాం. లోపల చుక్క కారడం ఇద్దరూ చూశారు. అంతకుముందు ఫోన్లో పదిసార్లు అరిచినా కాని పని పావుగంటలో అయింది. మేస్త్రీకి ఇంకా ఐదు వేలు ఇవ్వాల్సి ఉండటం కూడా కలిసొచ్చిందనుకోండి.

గట్టు పగలగొట్టి, బయటికి వాలు పెట్టి గ్రానైట్ వేయించాం. బండ గోడ దాటి రెండు అంగుళాలు ముందుకు ఉండాలి, దాని అడుగున గ్రైండర్‌తో పొడుగునా ఒక గాడి కోయించాలి. అది లేకపోతే నీళ్లు బండ కిందనుంచి పాకి మళ్లీ గోడకే వస్తాయి. మాలులో వాటర్‌ప్రూఫ్ ద్రావణం, మేం వాడినదైతే 50 కిలోల బస్తాకు 200 మిల్లీలీటర్లు. ఫోము సందు నింపుతుందే గానీ నీళ్లను ఆపదు, దాని బయట సిలికాన్ సీలెంట్ పడాల్సిందే. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. పుల్లగా వెనిగర్ వాసన వచ్చేది సిమెంటును సరిగ్గా పట్టదు. ఫ్రేము చీలికలు నేనే సైకిల్ చువ్వతో శుభ్రం చేశా.

లోపల మాత్రం తొందరపడకండి. ఉబ్బిన ప్లాస్టరు గీకించి అలాగే వదిలేయండి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, కడగొద్దు. మేం సంక్రాంతి దాకా ఆగి అప్పుడు లప్పం పెట్టించాం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఆ గోడ గురించి అడిగేవారు, అది వేరే సంగతి.

డబ్బంతా ఇచ్చేశాక మేస్త్రీ ఫోన్ ఎత్తకపోతే తేదీ ఉన్న ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన రశీదులు దాచండి. 2019 వినియోగదారుల చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సేవ కిందికే వస్తుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఒక్క కిటికీ కోసమైతే నేను అంత దూరం వెళ్లను. చుట్టుపక్కల అతను చేస్తున్న ఇంటి దగ్గరికెళ్లి ఓనర్ ముందు మాట్లాడితే త్వరగా వస్తాడు.

పైన సజ్జా ఉందో లేదో మీరు రాయలేదు. వానాకాలం జల్లు ఎక్కువగా పడమటి గాలితోనే కొడుతుంది కాబట్టి, లేకపోతే ముందు దాని సంగతి చూడాలి. బయటి నుంచి ఒక ఫొటో పెట్టండి, చూసి చెబుతా.