వదిలేసిన ఇంగ్లిష్ పల్లె చర్చి గోడల్లో మూసేసిన ఆర్చిలు ఎందుకు?

ఒకప్పుడు ఆ ఆర్చిల అవతల పక్క నడవలు ఉండేవి. జనం తగ్గాక వాటిని కూల్చి, స్తంభాల మధ్య ఖాళీలను రాళ్లతో పూడ్చేశారు. ఇంగ్లాండ్ యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ అనే ఖాళీ అయిన ఊరి సెయింట్ మార్టిన్ చర్చిలో ఇది చక్కగా కనిపిస్తుంది. 10వ శతాబ్దంలో చిన్న చెక్క గుడిగా మొదలై, రాతి కట్టడంగా మారి, ఊరు పెరిగేకొద్దీ రెండు పక్కలా నడవలతో విస్తరించింది. తర్వాత ఊరు కుంచించుకుపోతే చర్చీ కుంచించుకుపోయింది. బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని కూడా తగ్గించారు. కాబట్టి పూడ్చిన ఆర్చి అంటే జనాభా లెక్క అనుకోవచ్చు.

1500 తర్వాత కొద్దికాలానికే ఊరు ఖాళీ అయింది, పొలాలు గొర్రెల మేతకు పోయాయి. అయినా చర్చి బతికింది. కారణం, పక్క ఊళ్ల వాళ్లకూ అదే పారిష్ చర్చి, అంటే ఆ ప్రాంతం అంతటికీ స్థానిక చర్చి. 1870లో పక్క ఊళ్లలో ఒకటైన థిక్సెండేల్‌కు సొంత చర్చి రావడంతో ఆ ఆధారమూ పోయింది. చివరి ప్రార్థన 1949లో.

ఆ తర్వాత పాడవడం త్వరగా జరిగింది. ఇలాంటి చర్చిల్లో మొదట పోయేది పైకప్పు సీసం రేకులు. దొంగలకు అది డబ్బు. రేకు లేకపోతే వాన దూలాల్లోకి దిగి చివర్లు కుళ్లుతాయి, గోడల లోపలి సున్నం కరిగిపోతుంది. ఇక్కడ 1959లో గోపురంలో కొంత భాగం కూలింది. గోడలు చాలావరకు నిలిచే ఉన్నాయి, పైకప్పు మాత్రం లేదు.